బయటి కెర్నల్ మాడ్యూళ్ల లైసెన్స్ హద్దులు: ప్రోడక్ట్ బయటికి వెళ్లేలోపు చూసుకోవాల్సినవి

కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం, మాడ్యూల్ అంటే దానికి విడిగా తగిలించే కోడ్ ముక్క. మాడ్యూల్ కంపైల్ అయింది, లోడ్ అయింది, హార్డ్‌వేర్ పనిచేస్తోంది. దాంతో ఆ మాడ్యూల్‌ను ఇంకొకరికి ఇచ్చే హక్కు కూడా వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. లోడ్ చేసేటప్పుడు కెర్నల్ చూసేది లైసెన్స్ పేరు రాసిన ఒక చిన్న వరసను. కాపీరైట్ చట్టం చూసేది మాత్రం ఎవరి కోడ్‌ను ఎవరు, ఏ షరతు మీద, ఎవరికి ఇచ్చారన్నది. మొదటి పరీక్ష పాసైన మాడ్యూల్ రెండోదానిలో ఫెయిల్ కావచ్చు. ప్రోడక్ట్ కస్టమర్ చేతికి చేరాక ఆ సంగతి తెలిస్తే వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

ఈ చిక్కు ఎక్కువగా ఉండేది లైనక్స్‌లో కాబట్టి ప్రధానంగా దాని గురించే రాస్తున్నాను. మిగతా సిస్టమ్‌ల సంగతి చివర్లో వస్తుంది.

మొదటి అడుగు: మాడ్యూల్ ఎవరి చేతికి వెళుతుందో తేల్చుకోండి

లైసెన్స్ పేరు చూడకముందే తేలాల్సిన విషయం ఇది. లైనక్స్ కెర్నల్ లైసెన్స్ జీపీఎల్ (జనరల్ పబ్లిక్ లైసెన్స్) రెండో వెర్షన్, ఆ వెర్షన్ 1991లో వచ్చింది. ప్రోగ్రామ్‌ను నడుపుకోవడం మీద ఎలాంటి ఆంక్షా లేదని అందులోనే ఉంది. మీ సొంత మెషీన్‌లో ఏ మాడ్యూల్‌ను దేనితో కలిపి నడుపుకున్నా జీపీఎల్ అడ్డు చెప్పదు. కాపీ ఇంకొకరికి చేరినప్పుడే సోర్స్ కోడ్ ఇవ్వాలన్న షరతు మీద పడుతుంది.

కాపీ చేరే దారులు మనం అనుకునేదానికంటే ఎక్కువే. రౌటర్‌లో, కెమెరాలో ముందే పెట్టిన ఫర్మ్‌వేర్, డౌన్‌లోడ్‌కు పెట్టిన వర్చువల్ మెషీన్ ఇమేజ్, నెట్ ద్వారా పంపే అప్‌డేట్ ఫైలు, కస్టమర్ సర్వర్ గదిలో ఇన్‌స్టాల్ చేసి వచ్చిన బాక్స్ అన్నీ లెక్కలోకి వస్తాయి. మా సర్వర్లలోనే నడుస్తుంది కదా అనుకున్న సాఫ్ట్‌వేర్‌ను రేపు ఒక పెద్ద కస్టమర్ తన దగ్గరే పెట్టమని అడుగుతాడు. ఆ క్షణం నుంచి లెక్క మొత్తం మారిపోతుంది. అందుకే ఈ ప్రశ్నకు జవాబును ఈరోజు ఉన్న వాడకాన్ని బట్టి మాత్రమే కాకుండా, సేల్స్ వాళ్లు రేపు ఎవరికి అమ్మబోతున్నారో కనుక్కుని రాసుకోండి.

క్లోజ్డ్ సోర్స్ మాడ్యూళ్ల, అంటే సోర్స్ కోడ్ బయటపెట్టని మాడ్యూళ్ల విషయం వేరు. వాటి లైసెన్స్ వాడకాన్ని కూడా కట్టడి చేయగలదు. 2017 చివర్లో గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా తన జీఫోర్స్ డ్రైవర్ లైసెన్స్‌లో డేటా సెంటర్లలో వాడకూడదన్న షరతు చేర్చింది, బ్లాక్‌చెయిన్ పనికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. అలాంటి మాడ్యూల్‌ను ఎవరికీ ఇవ్వకుండా సొంతంగా వాడుకుంటున్నా లైసెన్స్ మొత్తం చదవాల్సిందే.

రెండో అడుగు: ఇమేజ్‌లో ఏమేం ఉన్నాయో లిస్టు తీయండి

ముందుగా టెయింట్ సంఖ్య చూడండి. కెర్నల్‌లోకి బయటి కోడ్ లాంటివి చేరితే ఆ సంగతి గుర్తుపెట్టుకునే సంఖ్య అది. ప్రాక్ డైరెక్టరీలో సిస్, దాని కింద కెర్నల్, అందులో టెయింటెడ్ అనే ఫైలు ఉంటుంది. అందులో ఒకే ఒక సంఖ్య కనిపిస్తుంది. సున్నా అయితే కెర్నల్ శుభ్రంగా ఉన్నట్టు. 12289 అని కనిపించిందనుకుందాం. దాన్ని 2 యొక్క ఘాతాలుగా విడదీస్తే 8192, 4096, 1 వస్తాయి. 1 అంటే క్లోజ్డ్ సోర్స్ మాడ్యూల్ లోడ్ అయింది. 4096 అంటే కెర్నల్ సోర్స్ ట్రీ బయట తయారైన మాడ్యూల్. 8192 అంటే సంతకం లేని మాడ్యూల్. ఇందులో లైసెన్స్ పరంగా ముందుగా కంగారు పడాల్సింది 1 గురించి. 4096 దానంతట అది తప్పేమీ కాదు, ఎక్కడ వెతకాలో చెప్పే గుర్తు మాత్రమే.

ఒకసారి పడిన టెయింట్ మాడ్యూల్‌ను తీసేసినా రీబూట్ దాకా పోదు. కాబట్టి ఇప్పుడే బూట్ చేసిన మెషీన్‌లో చూస్తేనే ఆ సంఖ్యను నమ్మొచ్చు. ఏ మాడ్యూల్ వల్ల వచ్చిందో తెలియాలంటే సిస్ డైరెక్టరీ కింద మాడ్యూల్ అనే చోట ఒక్కో మాడ్యూల్‌కు విడిగా టెయింట్ ఫైలు ఉంటుంది.

ఇక్కడితో ఆగిపోతే సగం పనే అయినట్టు. కాపీరైట్ డిస్కులో ఉన్న ప్రతి కాపీకీ వర్తిస్తుంది, అది లోడ్ అయిందా లేదా అన్నది అనవసరం. ఫలానా హార్డ్‌వేర్ తగిలిస్తేనే లోడ్ అయ్యే మాడ్యూల్ మీ టెస్ట్ మెషీన్‌లో ఎప్పటికీ కనిపించదు, కస్టమర్‌కు మాత్రం వెళ్లిపోతుంది. అందుకని లిబ్ కింద మాడ్యూల్స్ డైరెక్టరీలో ఉన్న ప్రతి మాడ్యూల్ ఫైలు మీదా మాడ్‌ఇన్ఫో కమాండ్ నడిపించి లైసెన్స్, ఇన్‌ట్రీ అనే రెండు వరసలూ ఒక ఫైల్లోకి తీసుకోండి. ఇన్‌ట్రీ వరస లేనివన్నీ బయటి మాడ్యూళ్లే. ఎక్స్‌ట్రా, అప్‌డేట్స్ అనే సబ్ డైరెక్టరీల్లో ఇవి ఎక్కువగా దొరుకుతాయి. బూట్ సమయంలో వాడే ఇనిట్ ర్యామ్‌డిస్క్ లోపల కూడా కాపీలు ఉంటాయి, దాన్ని కూడా విప్పి చూడండి.

అదే కమాండ్ ఫర్మ్‌వేర్ అనే వరసలో ఆ మాడ్యూల్ అడిగే ఫర్మ్‌వేర్ ఫైళ్ల పేర్లు చూపిస్తుంది. వాటికి వేరే లైసెన్స్ ఉంటుంది. లైనక్స్ ఫర్మ్‌వేర్ అనే సేకరణలో వెన్స్ అనే ఫైలు ఏ ఫర్మ్‌వేర్‌కు ఏ షరతులో చెబుతుంది. చాలావాటికి మార్చకుండా పంచుకోవచ్చు అన్నంత వరకే అనుమతి ఉంటుంది. ఆ సేకరణలో లేని ఫర్మ్‌వేర్‌ను వెండర్ ప్యాకేజీ నుంచి పీకి మీ ఇమేజ్‌లో పెడుతున్నారంటే, పంచే అనుమతి విడిగా చూపించాల్సి వస్తుంది.

మూడో అడుగు: మాడ్యూల్ తన గురించి చెప్పుకునేది వెంటనే నమ్మకండి

మాడ్‌ఇన్ఫో చూపించే లైసెన్స్ సోర్స్‌లో మాడ్యూల్ లైసెన్స్ అనే మ్యాక్రో నుంచి వస్తుంది. దాన్ని రాసింది ఆ మాడ్యూల్ రచయితే. అది లోడర్ కోసం రాసిన ప్రకటన. అక్కడ జీపీఎల్ అని ఉన్నా, జీపీఎల్ వీ2 అని ఉన్నా కెర్నల్ దృష్టిలో ఒకటే. రెండో వెర్షన్ మాత్రమేనా, ఆ తర్వాతి వెర్షన్లు కూడా చెల్లుతాయా అన్నది ఆ మ్యాక్రో చెప్పదు. అసలు లైసెన్స్ ప్రతి సోర్స్ ఫైలు మొదట్లో లైసెన్స్ పేరు చెప్పే ఎస్‌పీడీఎక్స్ అనే గుర్తింపు వరసలో, కాపీరైట్ నోటీసుల్లో, ప్యాకేజీతో వచ్చిన లైసెన్స్ ఫైల్లో ఉంటుంది. ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి.

ఈ ప్రకటనతో మోసం చేసిన సందర్భం ఉంది. 2004లో ఒక మోడెమ్ డ్రైవర్ల కంపెనీ లైసెన్స్ వరసలో జీపీఎల్ అన్న మాట తర్వాత సున్నా బైట్ పెట్టి, ఆ తర్వాతే అసలు షరతు రాసింది. సీ భాషలో వరస సున్నా బైట్ దగ్గర ఆగిపోతుంది కాబట్టి కెర్నల్‌కు కనిపించింది జీపీఎల్ అన్నంత వరకే. టెయింట్ పడలేదు. కంప్యూటర్ పట్టుకోలేకపోయింది, మనుషులు చదివి పట్టుకున్నారు. మీరు చేయాల్సింది కూడా అదే, కూర్చుని చదవడం.

చదివేటప్పుడు ముఖ్యంగా వెతకాల్సింది ముందే కంపైల్ చేసి పెట్టిన ఆబ్జెక్ట్ ఫైళ్లను. వెండర్ ఇచ్చిన ప్యాకేజీలో నాలుగైదు సీ ఫైళ్లు చక్కగా జీపీఎల్ నోటీసులతో ఉంటాయి, పక్కనే సోర్స్ లేని పెద్ద ఆబ్జెక్ట్ ఫైలు ఒకటి ఉంటుంది. బిల్డ్ సూచనలుండే మేక్‌ఫైల్ రెంటినీ కలిపి ఒకే మాడ్యూల్ చేస్తుంది. మొత్తం మాడ్యూల్‌కు జీపీఎల్ అని ముద్ర వేసి ఉంటే, ఆ ఆబ్జెక్ట్ ఫైలు సోర్స్ ఇవ్వాల్సిన బాధ్యత దాన్ని పంచే మీ మీద కూడా పడుతుంది. మీ దగ్గర లేనిదాన్ని మీరు ఇవ్వలేరు. ఇలాంటి ప్యాకేజీ కనిపిస్తే సంతకాలు కాకముందే వెండర్‌ను నిలదీయండి. డబ్బు కట్టేశాక వాళ్ల జవాబులు చాలా నెమ్మదిస్తాయి.

నాలుగో అడుగు: లైసెన్సులు ఒకదానితో ఒకటి పొసుగుతాయో లేదో చూడండి

కెర్నల్ లైసెన్స్ జీపీఎల్ రెండో వెర్షన్ మాత్రమే. దీంతో ఎంఐటీ, రెండు షరతుల బీఎస్‌డీ, మూడు షరతుల బీఎస్‌డీ, ఎల్‌జీపీఎల్ 2.1, జీపీఎల్ రెండు లేదా ఆ తర్వాతిది అన్న కోడ్ హాయిగా కలుస్తాయి. ప్రకటనల్లో పేరు వేయాలనే పాత నాలుగు షరతుల బీఎస్‌డీ కలవదు. జీపీఎల్ మూడో వెర్షన్ మాత్రమే అన్న కోడ్ కలవదు. అపాచీ 2.0 ఒక్కటే ఉన్న కోడ్ కూడా కలవదని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఎప్పటినుంచో చెబుతోంది. ఓపెన్ సోర్స్ అయితే చాలు అనుకునేవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే.

జెడ్‌ఎఫ్‌ఎస్ కథ దీనికి మంచి ఉదాహరణ. సన్ మైక్రోసిస్టమ్స్ ఆ ఫైల్ సిస్టమ్‌ను 2005లో సీడీడీఎల్ అనే లైసెన్స్ కింద విడుదల చేసింది. సీడీడీఎల్ కూడా ఓపెన్ సోర్సే. కానీ ఆ లైసెన్స్ కింద ఉన్న ఫైళ్లు ఆ లైసెన్స్ కిందే ఉండాలంటుంది. జీపీఎల్ ఏమో మొత్తం కలిపిన రచన జీపీఎల్ కిందే ఉండాలంటుంది. రెండు షరతులనూ ఒకేసారి తీర్చడం కుదరదు. 2016లో ఉబుంటు 16.04తో పాటు, ఉబుంటును తయారుచేసే కానోనికల్ కంపెనీ జెడ్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్‌ను బైనరీగానే ఇచ్చింది, లాయర్లను అడిగే చేశామంది. అది ఉల్లంఘనే అని సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ బహిరంగంగా చెప్పింది. డెబియన్ అనే మరో లైనక్స్ పంపిణీ వేరే దారి పట్టింది. సోర్స్ మాత్రమే ఇచ్చి, వాడేవాళ్ల మెషీన్‌లోనే డీకేఎంఎస్ అనే టూల్ ద్వారా కంపైల్ అయ్యేలా పెట్టింది.

డీకేఎంఎస్ దారి ఎందుకు సురక్షితమో అర్థం చేసుకుంటే, ఎప్పుడు కాదో కూడా అర్థమవుతుంది. అక్కడ కెర్నల్, మాడ్యూల్ కలిసేది చివరి వాడకందారు మెషీన్‌లో. ఆ కలిసిన కాపీని అతను ఎవరికీ ఇవ్వడు, కాబట్టి పంపిణీ షరతు రాదు. ఇప్పుడు మీరు ఒక మెషీన్‌లో డీకేఎంఎస్‌తో మాడ్యూల్ కంపైల్ చేసి, ఆ డిస్కునే ఇమేజ్‌గా తీసి వెయ్యి బాక్సుల్లో ఎక్కించారనుకోండి. కలిపింది మీరు, పంచింది మీరు. డీకేఎంఎస్ పేరు మిమ్మల్ని కాపాడదు. గోల్డెన్ ఇమేజ్ పద్ధతి వాడే టీమ్‌లు దీన్ని తప్పకుండా చూసుకోవాలి. మీరు అమ్మే బాక్స్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ తప్పనిసరైతే ఫ్రీబీఎస్‌డీ మీద కట్టడం గురించి సీరియస్‌గా ఆలోచించండి. దాని కెర్నల్ బీఎస్‌డీ లైసెన్స్ కాబట్టి అక్కడ ఈ గొడవే లేదు.

ఐదో అడుగు: మీ మాడ్యూల్ కెర్నల్‌కు ఎంత దగ్గరగా ఉందో చూడండి

కెర్నల్ తన ఫంక్షన్లను మాడ్యూళ్లకు రెండు రకాలుగా అందిస్తుంది. ఇలా అందే పేర్లను సింబల్స్ అంటారు. ఎక్స్‌పోర్ట్ సింబల్ అని ఉన్నవి ఏ మాడ్యూల్‌కైనా దొరుకుతాయి. ఎక్స్‌పోర్ట్ సింబల్ జీపీఎల్ అని ఉన్నవి జీపీఎల్‌తో పొసిగే లైసెన్స్ ప్రకటించిన మాడ్యూళ్లకే. మిగతావాటికి బిల్డ్ సమయంలోనే ఎర్రర్ వస్తుంది, అక్కడ తప్పించుకున్నా లోడ్ చేసేటప్పుడు అలాంటి సింబల్ లేదని కెర్నల్ తిప్పికొడుతుంది.

దీన్నిబట్టి జీపీఎల్ ముద్ర లేని సింబల్స్ మాత్రమే వాడితే క్లోజ్డ్ సోర్స్ మాడ్యూల్‌కు అనుమతి ఉన్నట్టే అని చాలామంది లెక్క వేస్తారు. అలా అని ఎక్కడా రాసి లేదు. మాడ్యూల్ కెర్నల్ మీద ఆధారపడి పుట్టిన రచనా కాదా అన్నదే కాపీరైట్ ప్రశ్న, దానికి జవాబు ఆ ముద్రలో దొరకదు. వేరే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ముందే రాసిన కోడ్‌ను లైనక్స్‌కు తెచ్చినప్పుడు అది కెర్నల్ నుంచి పుట్టిందనడం కష్టం. ఆండ్రూ ఫైల్ సిస్టమ్‌ను ఇలాంటి సందిగ్ధ ఉదాహరణగా లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా 2003లో ప్రస్తావించాడు. అదే లైనక్స్ కోసమే మొదటి నుంచీ రాసి, దాని లోపలి స్ట్రక్చర్లలోకి చేతులు పెట్టి, హెడర్లలోని ఇన్‌లైన్ కోడ్‌ను తనలో కలుపుకున్న మాడ్యూల్ అయితే విడి రచన అని వాదించడం దాదాపు అసాధ్యం.

కోర్టులు తేల్చాయా అంటే, ఈ ప్రశ్న మీద అందరూ ఎదురుచూసిన కేసు తేల్చకుండానే ముగిసింది. కెర్నల్ డెవలపర్ క్రిస్టాఫ్ హెల్‌విగ్ 2015లో వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ వీఎంవేర్ మీద జర్మనీలో హాంబర్గ్ కోర్టుకు వెళ్లాడు. 2016లో కేసు కొట్టేశారు, 2019లో అప్పీలూ పోయింది. తన సొంత కోడ్ ఏ భాగమో, అది ఎదుటివాళ్ల ప్రోడక్ట్‌లో ఎక్కడుందో అతను తగినంతగా నిరూపించలేదన్నది కారణం. ఆ తీర్పును క్లోజ్డ్ సోర్స్ మాడ్యూళ్లకు దొరికిన లైసెన్స్‌గా చూడకండి. కేసు గెలిచిన వీఎంవేర్ కూడా వివాదానికి కారణమైన లైనక్స్ కోడ్‌ను తన ప్రోడక్ట్ నుంచి తీసేస్తున్నట్టు ప్రకటించింది.

చుట్టుదారుల జోలికి వెళ్లకండి. అవి ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. ఏ సింబల్ అడ్రస్ అయినా పేరుతో వెతికిపెట్టే ఫంక్షన్‌ను 2020లో 5.7 వెర్షన్ నుంచి మాడ్యూళ్లకు అందకుండా చేశారు. మధ్యలో చిన్న జీపీఎల్ మాడ్యూల్ పెట్టి, దాని వెనక క్లోజ్డ్ సోర్స్ మాడ్యూల్‌ను నడిపే ఉపాయం 5.9 వెర్షన్‌తో ముగిసింది. క్లోజ్డ్ సోర్స్ మాడ్యూల్ ఎక్స్‌పోర్ట్ చేసిన సింబల్ వాడిన మాడ్యూల్‌ను కూడా ఇప్పుడు క్లోజ్డ్ సోర్స్‌గానే లెక్కేస్తారు. నిజాయితీగా నడిచేవాళ్లకు కూడా దెబ్బ తగలొచ్చు. 2019లో 5.0 వెర్షన్‌లో ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్‌ను వాడుకునే పాత ఫంక్షన్లను తీసేశారు, మిగిలినవి జీపీఎల్ ముద్ర ఉన్నవే. జెడ్‌ఎఫ్‌ఎస్ చెక్‌సమ్‌లు వేగంగా లెక్కకట్టే దారి దాంతో కొంతకాలం మూసుకుపోయింది, డెవలపర్లు వేరే పద్ధతి రాసుకోవాల్సి వచ్చింది.

ఆరో అడుగు: రహస్యంగా ఉంచాల్సిన కోడ్ ఉంటే కెర్నల్ బయటికి జరపండి

నా దృష్టిలో ఈ గైడ్ మొత్తంలో ఎక్కువ ఉపయోగపడే అడుగు ఇదే, ఎందుకంటే ఇది వాదనతో పని లేకుండా చేస్తుంది. సిస్టమ్ కాల్స్ ద్వారా కెర్నల్ సేవలు వాడుకునే మామూలు ప్రోగ్రామ్‌లకు జీపీఎల్ వర్తించదని కెర్నల్ లైసెన్స్‌తో పాటే ఒక నోట్ ఉంటుంది. కాబట్టి యూజర్ స్పేస్‌లో, అంటే కెర్నల్ బయట మామూలు ప్రోగ్రామ్‌లు నడిచే చోట నడిచే కోడ్ మీ ఇష్టమొచ్చిన లైసెన్స్‌లో ఉండొచ్చు. ఫైల్ సిస్టమ్ అయితే ఫ్యూజ్, పరికరం అయితే యూఐఓ లేదా వీఎఫ్‌ఐఓ, యూఎస్‌బీ అయితే లిబ్‌యూఎస్‌బీ అనే దారులు ఉన్నాయి. వేగం కొంత తగ్గొచ్చు, ముందుగా కొలిచి చూడండి. తగ్గుతుందేమోనన్న భయంతో కొలవకుండానే కెర్నల్‌లోకి దూకకండి.

కెర్నల్‌లో తప్పక ఉండాల్సిన భాగాన్ని చిన్నదిగా చేసి జీపీఎల్ కింద ఇచ్చేయండి. 2022 మే నెలలో ఎన్విడియా తన కెర్నల్ మాడ్యూళ్లను ఎంఐటీ, జీపీఎల్ రెండు లైసెన్సుల కిందా విడుదల చేసింది. కార్డు మీద నడిచే ఫర్మ్‌వేర్, యూజర్ స్పేస్ లైబ్రరీలు మాత్రం క్లోజ్డ్‌గానే ఉన్నాయి. అంత పెద్ద కంపెనీ ఆ విభజనకు వచ్చిందంటే చిన్న టీమ్‌కు అది ఇంకా బాగా నప్పుతుంది.

ఈబీపీఎఫ్, అంటే చిన్న ప్రోగ్రామ్‌లను కెర్నల్ లోపల నడిపే పద్ధతి వాడేవాళ్లకు ఒక మాట. అక్కడా ప్రోగ్రామ్ తన లైసెన్స్ ప్రకటించాలి. కొన్ని హెల్పర్ ఫంక్షన్లు జీపీఎల్‌తో పొసిగే ప్రోగ్రామ్‌లకే దొరుకుతాయి, లేకపోతే ప్రోగ్రామ్‌ను ముందుగా పరీక్షించే వెరిఫయర్ లోడ్ కానివ్వదు.

ఏడో అడుగు: ఇవ్వాల్సిన సోర్స్‌ను ముందే సిద్ధం చేయండి

జీపీఎల్ మాడ్యూల్‌ను బైనరీగా ఇస్తే సోర్స్‌ను దాంతో పాటే ఇవ్వాలి, లేదా అడిగిన ఎవరికైనా ఇస్తామని కనీసం మూడేళ్లు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వాలి. సోర్స్ అంటే సీ ఫైళ్లతో సరిపోదు. కంపైల్ చేయడానికి, ఇన్‌స్టాల్ చేయడానికి వాడిన స్క్రిప్టులు కూడా రావాలి. మీరు పంపిన కెర్నల్ సోర్స్, దాని కాన్ఫిగ్ ఫైలు, మీరు వేసిన ప్యాచ్‌లు అన్నీ కలిపే లెక్క.

ఇది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒకే మంచి పరీక్ష ఉంది. ఆ ప్రాజెక్ట్‌తో సంబంధం లేని సహోద్యోగికి ఖాళీ మెషీన్, మీరు సిద్ధం చేసిన సోర్స్ ప్యాకేజీ ఇవ్వండి. మీ ఇంటర్నల్ సర్వర్‌కు యాక్సెస్ ఇవ్వకండి. అతను అదే మాడ్యూల్‌ను తయారుచేసి లోడ్ చేయగలిగితే ప్యాకేజీ పూర్తయినట్టు. మొదటిసారి చేసినప్పుడు ఏదో ఒక హెడర్ ఫైలో, టూల్‌చెయిన్ వెర్షనో తప్పకుండా తగ్గుతుంది. రిలీజ్ రోజు కాకుండా ఈ రోజే తగ్గితే మంచిది కదా.

షరతు తప్పితే ఏమవుతుంది? జీపీఎల్ రెండో వెర్షన్‌లో నాలుగో సెక్షన్ ప్రకారం మీ హక్కులు దానంతటవే రద్దవుతాయి. జర్మనీలో లైనక్స్ డెవలపర్ హెరాల్డ్ వెల్టె 2004లోనే మ్యూనిక్ కోర్టు నుంచి ఒక నెట్‌వర్క్ పరికరాల కంపెనీ మీద ఆర్డర్ తెచ్చుకున్నాడు. అది జీపీఎల్ కోర్టులో నిలబడుతుందని చూపించిన తొలి కేసుల్లో ఒకటి. కెర్నల్ డెవలపర్లలో చాలామంది 2017లో కొంత వెసులుబాటు ప్రకటించారు. మొదటిసారి తప్పు చేసినవాళ్లు నోటీసు అందిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే వాళ్ల హక్కులు తిరిగి నిలుస్తాయి. అంటే మీకు వచ్చే లైసెన్స్ ఈమెయిల్ ఏ ఇన్‌బాక్స్‌కు చేరుతుందో, దాన్ని ఎవరు చదువుతారో ముందే తేలిపోవాలి. సపోర్ట్ క్యూలో పడి ఉన్న ఈమెయిల్‌కు కూడా ఆ 30 రోజులు లెక్కకొస్తాయి.

వెండర్ ఇచ్చిన క్లోజ్డ్ సోర్స్ మాడ్యూల్ అయితే లైసెన్స్‌లో పంపిణీ గురించి రాసిన పేరా వెతకండి. తమ చిప్‌తో కలిపి మాత్రమే పంచాలా, మార్చకుండానే ఇవ్వాలా, మీ కస్టమర్ తన కస్టమర్‌కు ఇవ్వొచ్చా, కాంట్రాక్ట్ ముగిశాక పాత బాక్సులకు అప్‌డేట్లు పంపొచ్చా అన్నవి అందులో తేలాలి. సేల్స్ మనిషి ఫోన్‌లో అన్న సరే సరిపోదు, రాతలో తీసుకోండి.

మిగతా సిస్టమ్‌లలో

విండోస్, మాక్‌ఓఎస్ కెర్నల్స్ మీ డ్రైవర్ సోర్స్ అడగవు. అక్కడ హద్దు సంతకాల రూపంలో, డెవలపర్ కిట్ ఒప్పందాల రూపంలో వస్తుంది. విండోస్ 10లో 1607 వెర్షన్ నుంచి కొత్త కెర్నల్ డ్రైవర్లకు మైక్రోసాఫ్ట్ పోర్టల్ ద్వారా సంతకం తీసుకోవాలి. డ్రైవర్ కిట్‌లోని ఏ ఫైళ్లను మీ ప్రోడక్ట్‌తో పంచొచ్చో దాని ఒప్పందంలో ఉంటుంది. ఆపిల్ 2019లో మాక్‌ఓఎస్ 10.15 నుంచి కెర్నల్ ఎక్స్‌టెన్షన్ల బదులు యూజర్ స్పేస్‌లో నడిచే సిస్టమ్ ఎక్స్‌టెన్షన్ల వైపు డెవలపర్లను మళ్లిస్తోంది. ఆండ్రాయిడ్‌లో ఉన్నది లైనక్స్ కెర్నలే కాబట్టి పైన చెప్పినవన్నీ అక్కడా వర్తిస్తాయి.

ఎనిమిదో అడుగు: ప్రతి బిల్డ్‌లో ఇదే పరీక్ష నడిపించండి

రెండో అడుగులో తీసిన లిస్టును రిపోజిటరీలో పెట్టండి. ప్రతి బిల్డ్ చివర్లో స్క్రిప్ట్ కొత్త ఇమేజ్ మీద అదే లిస్టు తీసి పాతదానితో పోల్చాలి. కొత్త మాడ్యూల్ వచ్చినా, ఉన్న మాడ్యూల్ లైసెన్స్ మారినా, కొత్త ఫర్మ్‌వేర్ చేరినా బిల్డ్ ఆగాలి. ఎవరో ఒకరు చదివి ఓకే చేస్తేనే ముందుకు వెళ్లాలి. కెర్నల్ వెర్షన్ మార్చినప్పుడు బయటి మాడ్యూల్ వాడే సింబల్స్‌లో ఏవి జీపీఎల్ ముద్రలోకి మారాయో కూడా చూసుకోండి.

అప్పటికీ తేలని మాడ్యూల్ ఒకటో రెండో మిగులుతాయి. ఆధారపడి పుట్టిన రచన అంటే ఏమిటన్నది దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి అవి సాఫ్ట్‌వేర్ లైసెన్సులు తెలిసిన లాయర్ దగ్గరికి వెళ్లాల్సినవి. వెళ్లేటప్పుడు మాడ్యూల్ పేరు ఒక్కటే పట్టుకెళ్లకండి. కోడ్ ఎక్కడి నుంచి వచ్చింది, ఏ ఫైలుకు ఏ లైసెన్స్, ఏ కెర్నల్ సింబల్స్ వాడుతోంది, సోర్స్ లేని ఆబ్జెక్ట్ ఫైళ్లేమైనా ఉన్నాయా, ఏ దేశాల్లో ఏ రూపంలో అమ్ముతున్నారు, వెండర్ రాసిచ్చింది ఏమిటి అన్నవన్నీ రెండు పేజీల్లో రాసి ఇవ్వండి. ఇవి లేకుండా వెళ్తే ఇవే ప్రశ్నలు అడగడానికి లాయర్ తన గంటలు ఖర్చు చేస్తారు, బిల్లు మీకు వస్తుంది.